అతిథి గది, కవర్లు, నాయనమ్మ బోర్డింగ్

తమ్ముడు: వందనాలండీ అందరికీ. డాలస్ నుంచి మళ్ళీ అక్కా, నేనూ. ఈ వారం విషయం ఇంటికొచ్చే అతిథి. బాపట్ల వైపు మన సంఘం ఆదుకుంటున్న పిల్లల హోమ్ నుంచి వార్డెనమ్మగారు వస్తున్నారు. అక్కావాళ్ళింట్లో దిగుతున్నారు. ఆమెని ఎలా చూసుకోవాలి, ఏ రోజు ఎవరింట్లో భోజనం, ఏ ఆదివారం సాక్ష్యం, ఇవన్నీ మాట్లాడుకుందాం.

అక్క: ముందు ప్లేనో బాబాయికి చెప్పరా, ఆ దుప్పటి తెచ్చిమ్మని.

తమ్ముడు: మళ్ళీ దుప్పటా!

అక్క: అతిథి గదిలోకి అదే కావాలి మరి. (నవ్వులు) సరే విను. ఆమె హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వస్తున్నారు. దిగిన రోజు ఎవరూ చూడ్డానికి రావద్దు. పదకొండున్నర గంటల తేడా, పగలు రాత్రి తలకిందులవుతాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. నేను లేచే ఉంటాను, పర్లేదు. రాగానే పప్పుచారు, అన్నం, వేయించిన అప్పడం. బిర్యానీలు తర్వాత.

తమ్ముడు: మా ఆవిడ ఇప్పటికే రొయ్యల ఇగురు అనుకుంది.

అక్క: రెండో వారం చెయ్యమను. బాత్రూమ్‌లో వేడినీళ్ళు, చన్నీళ్ళు ఎటు తిప్పాలో నేను చూపిస్తాను. పది మంది చుట్టూ చేరి చూపించక్కర్లేదు, ఆవిడ సిగ్గుపడతారు. పిల్లలంతా ఆమెతో తెలుగులోనే మాట్లాడాలి, వచ్చినంత.

తమ్ముడు: రాసుకున్నా. ఇప్పుడు నా సంగతి. కవర్లు.

అక్క: వచ్చాడు.

తమ్ముడు: రావాలి. ఆరాధన అయ్యాక ఆమె చేతిలో కవరు పెట్టి "పిల్లలకి ఏమైనా కొనండమ్మా" అనొద్దు. చేతులెత్తి అడుగుతున్నా.

అక్క: ప్రేమతోనే ఇస్తారు కదరా.

తమ్ముడు: ప్రేమే అక్కా, ఇబ్బంది మాత్రం ఆమెకి. మనలా సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళు హోమ్ కోసం ఇచ్చేది అక్కడి చట్టంలో విదేశీ విరాళం. ఓసీఐ కార్డు, అదే విదేశీ పౌరులైన భారత సంతతికి ఇచ్చేది, ఉన్నా అంతే. ఆ డబ్బు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దాని పేరున ఉన్న ఖాతాలోకే వెళ్ళాలి. 2020 సవరణ తర్వాత ఇంకో దారి లేదు. అంతకుముందు పెద్ద ట్రస్టుకి పంపితే వాళ్ళు చిన్న హోమ్‌లకి పంచేవాళ్ళు, అదీ ఆగిపోయింది. ఆఫీసు ఖర్చులకి విరాళంలో 50 శాతం దాకా వాడుకునేవాళ్ళు, ఇప్పుడు 20 శాతమే.

అక్క: హెచ్1 మీదున్న పిల్లలో?

తమ్ముడు: ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అందుకే నేను రెండు లిస్టులు రాస్తాను. రసీదు లేకుండా ఒక్క డాలరు కూడా కదలకూడదు. ఆమె మన అతిథి. మనమిచ్చిన కవరు వల్ల ఆమె అక్కడ ఎవరికో జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

అక్క: ఇది మాత్రం నీతో ఒప్పుకుంటా. ఇంకోటి నేను చెప్తా. స్లైడ్ షో. పిల్లల ముఖాలు, పేర్లు, "వీడి తండ్రి ఇలా పోయాడు, తల్లి అలా వదిలేసింది" అని కథలు వద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 74వ సెక్షన్ దాని గురించే. రక్షణలో ఉన్న పిల్లల ఫోటో, పేరు, స్కూలు బయటపెడితే శిక్ష ఉంది. చట్టం లేకపోయినా నేను వద్దంటాను. మీ అబ్బాయి కథ ఎవరో తెరమీద వేస్తే ఊరుకుంటావా?

తమ్ముడు: ఊరుకోను. కానీ ముఖం చూడకపోతే జనం ఇవ్వరక్కా. ఫ్రిజ్ మీద ఫోటో ఉంటేనే ఆ బిడ్డ పేరు పెట్టి ప్రార్థన చేస్తారు.

అక్క: దేవుడికి ఫోటో అక్కర్లేదు.

తమ్ముడు: మనుషులకి కావాలి.

అక్క: సరే, ఫోటో పక్కన పెట్టు. మొన్న ఫోన్లో ఆవిడని అడిగాను, "అమ్మగారూ, మన పిల్లల్లో తల్లి ఉన్నవాళ్ళు ఎంతమంది?" అని. "చాలామందికి ఉన్నారమ్మా" అన్నారు. కొందరికి తల్లి, కొందరికి అమ్మమ్మ. చీరాల, వేటపాలెం, అన్నీ దగ్గర ఊళ్ళే. పండక్కి వచ్చి చూసి వెళ్తారట.

తమ్ముడు: మనకది తెలుసు కదా. పేదరికం వల్ల పెట్టారు.

అక్క: అదే నేనడిగేది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం ప్రతి ఏడూ మన కానుకల కవరు మీద అచ్చేస్తాం. దిక్కులేని పిల్లలు, విధవరాండ్రు. ఇద్దర్నీ ఒకే వచనంలో కలిపి చెప్పాడు. మనమేమో విధవరాలిని ఊళ్ళో వదిలేసి బిడ్డని తెచ్చి హాస్టల్లో పెడుతున్నాం. ఆ తల్లికి మనం ఒక్క రూపాయి పంపామా?

తమ్ముడు: తల్లికి పంపితే రసీదు ఎవరిస్తారు?

అక్క: ఒరేయ్!

తమ్ముడు: నిజంగానే అడుగుతున్నా. లెక్క రాసేది నేను. ఆ ఇంట్లో ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో, మేనమామ తాగేస్తాడో ఏమో. హోమ్‌లో అయితే మూడు పూటలా భోజనం, స్కూలు, ఆడపిల్లకి తలుపు గడియ.

అక్క: అలాంటి ఇళ్ళూ ఉన్నాయి, కాదనను. అక్కడ హోమే దిక్కు. అందరి ఇళ్ళూ అలాంటివేనా? జువెనైల్ జస్టిస్ చట్టమే చెప్తోంది, సంస్థలో పెట్టడం ఆఖరి దారి అని. నేను పిల్లల వార్డులో పనిచేస్తున్నదాన్ని. రొమేనియాలో 2000 నుంచి చేసిన అధ్యయనం ఉంది, బుకారెస్ట్‌లో. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నబిడ్డలు. చీటీ తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. కుటుంబంలో పెరిగినవాళ్ళకి తెలివితేటలూ మెరుగయ్యాయి, మనుషులతో అనుబంధమూ కుదిరింది. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళకి ఇంకా ఎక్కువ.

తమ్ముడు: రొమేనియా ఆశ్రమాలూ మన హోమూ ఒకటేనా? మనవాళ్ళు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, జ్వరమొస్తే పక్కన పడుకుంటారు. ఆవిడ వస్తున్నది మన ఇంటికి, అక్కా. ఆవిడ జీవితమంతా ఆ పిల్లలే. ఆమె ముందు "నీ హోమ్ వద్దు" అంటావా?

అక్క: ఆవిడని నేనేమన్నానురా? ఆవిడ పాదాలు కడగమన్నా కడుగుతా. మనం డబ్బు ఎటు పంపుతున్నామని అడుగుతున్నా.

తమ్ముడు: నాయనమ్మ సంగతేంటి మరి? ఒంగోలు మిషన్ బోర్డింగ్ లేకపోతే నాయనమ్మకి అక్షరమొచ్చేదా? నాన్న టీచరయ్యేవాడా? మనం ఇక్కడ కూర్చునేవాళ్ళమా? వాళ్ళమ్మ విధవరాలు, కూలికి పోయేది. ఎవరో అమెరికాలో, మన మొహం కూడా తెలియనివాళ్ళు, ఆ బోర్డింగ్‌కి కానుక వేశారు. ఆ బాకీ తీరుస్తున్నా అనుకునే నేను ఈ లెక్కలు రాస్తున్నది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

అక్క: ఆ బాకీ నాకూ ఉందిరా. నువ్వప్పుడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నావు, చివరి రోజుల్లో నాయనమ్మ దగ్గర నేనున్నాను. మతి తప్పాక మనల్నెవర్నీ గుర్తుపట్టేది కాదు. సాయంత్రమయ్యేసరికి సంచీలో చీరలు సర్దుకుని గుమ్మంలో కూర్చునేది. "ఎక్కడికి నాయనమ్మా" అంటే "సెలవులిచ్చారు, అమ్మ దగ్గరికి పోవాలి" అనేది. ఎనభై దాటిన మనిషి. బోర్డింగ్ ఆమెకి చదువిచ్చింది, నేను రోజూ స్తోత్రం చెప్తాను. కానీ వాళ్ళమ్మకి ఆ రోజుల్లో ఎవరైనా ఒక గేదె కొనిచ్చి ఉంటే, పిల్ల ఊరి బడికి నడిచి వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చేది కదా అనిపిస్తుంది.

తమ్ముడు: ఊళ్ళో బడే లేదక్కా అప్పుడు. మాలపల్లి పిల్లని రానిచ్చేవాళ్ళా ఉన్నా?

అక్క: అది నిజం. అందుకే అప్పటి బోర్డింగ్‌ని నేను తప్పుపట్టను. ఇప్పుడు ఆ ఊళ్ళలో బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది. ఇప్పుడూ అదే పద్ధతా అంటున్నా. పోనీ, ఒంగోలు అన్నావు గనక అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతే తీసుకో. 1876–78 కరువులో ఆయనేం చేశాడు? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పనిచ్చాడు. ఊళ్ళకి ఊళ్ళు వచ్చి తవ్వాయి. కూలి తల్లిదండ్రుల చేతికే అందింది, పిల్లలు వాళ్ళ పక్కనే ఉన్నారు. అది మన సంఘ చరిత్రలోదే. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం అని గొప్పగా చెప్పుకుంటాం, దాని ముందున్న కాలువ పని సంగతి ఎవరూ చెప్పరు.

తమ్ముడు: ఆ కూలికి మస్టర్ రోల్, అదే కూలీల హాజరు పట్టీ, ఉండుంటుంది.

అక్క: (నవ్వుతూ) ఉండుంటుంది! ఇప్పుడూ ఉంది విను. మిషన్ వాత్సల్య అని కేంద్రం పథకం. బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోడానికి నెలకి 4,000 రూపాయలు స్పాన్సర్‌షిప్. విధవరాళ్ళ పిల్లలు అర్హులు. ఊళ్ళలో అయితే కుటుంబం ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్నాల్లో 96,000. జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు. ఆ కాగితాలు నింపడానికే ఒక మనిషి కావాలి. తల్లి కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఆ మనిషి జీతం మనం ఇద్దాం. హోమ్ సిబ్బందిలోనే ఒకర్ని పెట్టుకోవచ్చు.

తమ్ముడు: జీతమైతే... ఓచరు ఉంటుంది.

అక్క: ఉంటుందిరా, ఉంటుంది.

తమ్ముడు: అలా అయితే మన సంఘంలో వేరే గోల మొదలవుతుంది. "మా పేరు మీద ఒక బిడ్డ" అని ఇచ్చేవాళ్ళు గుమస్తా జీతానికి ఇస్తారా?

అక్క: చెప్పి చూద్దాం. 2017లో ఏమైంది? కంపాషన్ ఇంటర్నేషనల్, పేద పిల్లలకి స్పాన్సర్‌షిప్ ఇచ్చే అంత పెద్ద అమెరికా క్రైస్తవ సంస్థ, విదేశీ నిధులకి అనుమతి ఆగేసరికి ఇండియాలో మూసేసుకోవాల్సొచ్చింది. లక్షా నలభై వేల మందికి పైగా పిల్లలు. రేపు మన హోమ్ ఖాతాకీ అలా అయితే, హోమ్‌లోనే పెరిగిన బిడ్డ ఎక్కడికి పోవాలి? తల్లి దగ్గరున్న బిడ్డకి డబ్బు ఆగినా తల్లి ఉంటుంది.

తమ్ముడు: ఆ భయం నాకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ప్రతి రెన్యువల్‌కీ ఉంటుంది. ఐదేళ్ళకోసారి. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అది మాత్రం నువ్వన్నది... కానీ ఎవరూ లేని పిల్లలు కూడా ఉన్నారక్కా అక్కడ. అసలే ఎవరూ లేనివాళ్ళు.

అక్క: వాళ్ళ కోసమే హోమ్ ఉండాలి. తక్కువ మంది అయితే ఆవిడ ఇంకా బాగా చూసుకుంటారు. దత్తతకి వీలున్నవాళ్ళని చైల్డ్ వెల్ఫేర్ కమిటీ చూసుకుంటుంది.

తమ్ముడు: టైమైపోతోంది. అసలు విషయం ఏమీ చెప్పలేదు. ప్రేమ విందు ఏ ఆదివారం?

అక్క: రెండో ఆదివారం. అందరూ ఒక కూర తెస్తే చాలు, కేటరింగ్ వద్దు. చలికోటు నా దగ్గరుంది. బూట్లు ఎవరైనా ఇవ్వండి, చిన్న సైజు.

తమ్ముడు: ఎయిర్‌పోర్టుకి?

అక్క: నువ్వే. టెర్మినల్ డి. పూలదండలు, బ్యానర్లు వద్దు. వెనక సీట్లో పడుకోనివ్వు.

తమ్ముడు: కారులో నేను ఈ తల్లుల సంగతి ఎత్తను, ముందే చెప్తున్నా.

అక్క: ఎత్తొద్దు. మూడింటికి ఆవిడ నిద్ర లేచినప్పుడు నేనే మాట్లాడతా. ముందు ఆవిడ చెప్పేది వింటా. ఇన్నేళ్ళలో మనం ఆవిడని ఎప్పుడైనా "మీకేం కావాలమ్మా" అని అడిగామా? లిస్టు మనమే రాసి పంపాం.

తమ్ముడు: నన్నూ లేపు.

అక్క: మూడింటికా? ఫ్రిస్కో నుంచి వస్తావా?

తమ్ముడు: వస్తా. లెక్కల పుస్తకం తెస్తా. ఒక్కో బిడ్డకి నెలకి ఎంతవుతోందో ఆవిడ ముందే పెట్టి చూద్దాం. అందులో తల్లికి ఎంత ఇవ్వచ్చో...

అక్క: పుస్తకం తెచ్చుకో. కవర్లు మాత్రం తేకు.

తమ్ముడు: నేనా? కవర్లా? అక్కా, మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.