440 మందిని మింగిన గని, ఊరు కట్టుకున్న స్మారకం

[తెరపై: ఇద్దరు గని కార్మికుల కంచు విగ్రహం]

ఈ విగ్రహంలో ఇద్దరున్నారు చూడండి. ఒకాయన ప్రాణాలతో బయటపడ్డ కార్మికుడు, ఇంకొకాయన అతనికి ఆసరాగా వచ్చిన రెస్క్యూ మనిషి. బ్రిటన్‌లో, వేల్స్‌లోని కేర్‌ఫిలీ పట్టణానికి దగ్గర్లో సెంగ్‌హెనిత్ అనే ఊళ్లో ఉందిది. ఆ ఊరు పెరిగిందే బొగ్గు వల్ల, అక్కడి యూనివర్సల్ కాలరీ అనే బొగ్గు గని వల్ల.

1913 అక్టోబరు 14, పొద్దున ఎనిమిది దాటింది. గని లోపల 900 మందికి పైగా ఉన్నారు. పేలుడు. 439 మంది కార్మికులు చనిపోయారు, వాళ్ల కోసం దిగిన రెస్క్యూ మనిషి ఒకరు కూడా పోయారు. బ్రిటన్ చరిత్రలో ఇంతమందిని బలి తీసుకున్న గని ప్రమాదం ఇంకోటి లేదు.

[తెరపై: గని సొరంగం బొమ్మ, గాలి దారులు బాణాలతో]

అసలు లోపల ఏం జరిగిందంటే, బొగ్గు పొరల్లోంచి మీథేన్ గ్యాస్ ఊరుతూ ఉంటుంది, దానికి నిప్పురవ్వ తగిలింది. ఆ రవ్వ ఎక్కడిదో విచారణలో కచ్చితంగా తేలలేదు గానీ కరెంటు సిగ్నల్ బెల్లుల మీదే గట్టి అనుమానం. మొదటి పేలుడు ఊపుకి కింద పేరుకున్న బొగ్గు దుమ్ము గాల్లోకి లేస్తుంది, ఆ దుమ్మే అంటుకుంటుంది, అది ఇంకా ముందున్న దుమ్మును లేపుతుంది, అలా మంట సొరంగాల వెంట పరిగెడుతుంది. మంట తగలనివాళ్లను తర్వాత కమ్మే కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. మన సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసినవాళ్లకి స్టోన్ డస్ట్, అంటే రాతి పొడి, చల్లడం తెలిసిందే కదా, ఈ దుమ్ము అంటుకోకుండా ఉండటానికే అది.

నాకు బాగా కోపం తెప్పించేది ఇక్కడే. ఇదే గనిలో 1901లో పేలుడు జరిగి 81 మంది చనిపోయారు, బొగ్గు దుమ్ము వల్లే పేలుడు అంత పెద్దదైందని అప్పుడే తేలింది. ప్రమాదం జరిగితే పొగ, విషవాయువు లోపలికి పాకకుండా, లోపలికి వెళ్లే గాలి దిశను తిప్పగలిగే ఏర్పాటు ఉండాలని 1911 నాటి బ్రిటన్ గనుల చట్టం చెప్పింది. గడువు పొడిగించి ఇచ్చారు, అయినా ఆ పని పూర్తికాలేదు. కేసు నడిచాక మేనేజరుకి 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా వేశారు. మేనేజరు కట్టిన దాన్నే చనిపోయినవాళ్ల లెక్కన పంచితే ఒక్కో ప్రాణానికి ఒక షిల్లింగు, ఒక పెన్నీ పైచిలుకు, అంటే అప్పటి బ్రిటన్ చిల్లర నాణేలు రెండు, వస్తుంది.

ఊళ్లో మాత్రం 205 మంది ఆడవాళ్లు భర్తల్ని పోగొట్టుకున్నారు, 542 మంది పిల్లలకు నాన్న లేకుండా పోయాడు. చనిపోయినవాళ్లలో 60 మందికి ఇరవయ్యేళ్లు కూడా లేవు, ఎనిమిది మందికి పద్నాలుగేళ్లే. ఒకావిడ భర్తను, ఇద్దరు కొడుకులను, అన్నదమ్ముల్లో ఒకరిని, ఇంట్లో అద్దెకున్న మనిషిని కూడా ఒకే రోజు పోగొట్టుకుంది. ఇంకో ఇంట్లో తండ్రీ కొడుకూ పోతే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆరుగురు తోబుట్టువులను పెంచాల్సి వచ్చింది.

[తెరపై: స్మారక తోట, గోడ మీద పలకలు]

గని 1928లో మూతపడింది. 1981లో ఒక స్మారకం పెట్టారు. తర్వాత స్థానిక ఏబర్ వ్యాలీ హెరిటేజ్ గ్రూప్ వాళ్లు పట్టుబట్టి పనిచేస్తే, సరిగ్గా వందేళ్లకి, 2013 అక్టోబరు 14న, ఇప్పుడు మీరు చూస్తున్న ఈ తోటను ప్రారంభించారు. విగ్రహం చేసింది శిల్పి లెస్ జాన్సన్. గోడ మీద 1901, 1913 పేలుళ్లలో పోయిన ప్రతి ఒక్కరికీ విడిగా ఒక మట్టి పలక ఉంది, దానిమీద వాళ్ల పేరుంది. దీన్ని వేల్స్ మొత్తానికి జాతీయ గని స్మారకంగా చేశారు, అందుకే తోటలో నడిచే దారిలో వేరే వేరే ఊళ్ల గని ప్రమాదాల పలకలు కూడా పరిచారు. ఈ దారి నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇంత పెద్ద ప్రమాదం చూసిన ఊరు, ఎవరికీ పెద్దగా తెలియని చిన్న ప్రమాదాలకి కూడా తన తోటలో చోటిచ్చింది.

కోల్‌బెల్ట్ నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట. మీ బాయిలో, అంటే గనిలో, పోయినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే, గేటు దగ్గరో యూనియన్ ఆఫీసు గోడ మీదో, ఎక్కడున్నా సరే, ఫొటో తీసి పంపండి. తర్వాతి వీడియోలో పేరు పేరునా చదువుతాను.