చాట్స్‌వర్త్‌లో ఒక రోజు: ముందు తోట, తర్వాతే మేడ

హోస్ట్: ఊరి నుంచి అమ్మానాన్నలు ఇంగ్లండ్ వచ్చారంటే ఎక్కడికి తీసుకెళ్లాలన్న చర్చ మొదలు. ఇవాళ డార్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ హౌస్ గురించి. కారు లేనివాళ్లు ఎలా వెళ్లాలండీ?

గెస్ట్: షెఫీల్డ్ దాకా రైలు. స్టేషన్‌కి దగ్గర్లోనే బస్టాండు, అక్కణ్ణుంచి బేక్‌వెల్ వైపు వెళ్లే 218 బస్సు. తిరుగు బస్సుల టైములు ముందే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, సాయంత్రానికి పల్చబడతాయి.

హోస్ట్: పాత మేడలు, తోటలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వ కార్డు ఇక్కడ చెల్లుతుందా?

గెస్ట్: చెల్లదు. చాలామందికి గేటు దగ్గరే తెలుస్తుంది, పాపం! ఇది ఇప్పటికీ డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు, నడిపేది వేరే ట్రస్టు. 1950లో పదో డ్యూక్ పోతే 80 శాతం వారసత్వ పన్ను పడింది. అది తీర్చడానికి వాళ్లదే ఇంకో మేడ హార్డ్‌విక్ హాల్ ప్రభుత్వానికి ఇచ్చేశారు, అది తర్వాత నేషనల్ ట్రస్ట్ చేతికి వెళ్లింది. మీ కార్డు చెల్లేది అక్కడ.

హోస్ట్: లోపలికెళ్లాక ముందు ఏం చూడాలి?

గెస్ట్: తోట. 105 ఎకరాలు, అంతా ఏటవాలు. ముందు ఇల్లు తిరిగితే మోకాళ్లు అక్కడే అయిపోతాయి. ఇంటికి టైము స్లాట్ అడిగితే మధ్యాహ్నానిది తీసుకోండి. ఇంకో కారణం తోటలోని ఎంపరర్ ఫౌంటెన్. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, కాబట్టి ఆడుతుండగానే చూసెయ్యాలి.

హోస్ట్: దానికి మోటారు లేదంటారు, నిజమేనా?

గెస్ట్: లేదు. కొండమీద 350 అడుగుల ఎత్తున చెరువు తవ్వి, నీళ్లు పైపులో కిందికి దించారు. 33 అడుగుల నీటి ఎత్తుకి చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ ప్రెషర్ లెక్కన పది కేజీల పైమాటే. ఇక్కడి పెద్ద తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1844లో ఆర్నెల్లలో పూర్తి చేశాడు, రాత్రుళ్లు కాగడాలు పెట్టి మరీ. రష్యా జార్ వస్తాడని ఇంత హడావిడి, ఆయనేమో రానేలేదు! రికార్డు ఎత్తు 296 అడుగులు. మామూలుగా అందులో సగమే వదులుతారు, చెరువులో నీళ్లు పరిమితం కదా.

హోస్ట్: కావెండిష్ అరటిపండు సంగతి కూడా ఈ పాక్స్‌టన్‌దేగా?

గెస్ట్: ఈయనదే. ఇక్కడి గాజు గదిలో పొట్టి అరటి మొక్క పెంచితే 1835లో పువ్వు వేసింది. డ్యూకుల ఇంటిపేరు కావెండిష్, అదే రకానికి పెట్టారు. పులివెందుల తోటల్లోని గ్రాండ్ నైన్ రకం అరటి కూడా కావెండిష్ గుంపుదే. నాన్నగారికి అరటితోట ఉంటే ఈ ఒక్క మాట చాలు, మిగతా రోజంతా హుషారుగా నడుస్తారు.

హోస్ట్: ఇక ఇల్లు?

గెస్ట్: గంటన్నర పెట్టుకోండి. కొన్ని గదులు మసకగా ఉంటాయి. కరెంటు పొదుపు కాదు, వెలుతురికి పాత గుడ్డలు, బొమ్మలు వెలిసిపోతాయని. పెయింటెడ్ హాల్‌లో ఎలాగూ అందరూ తలెత్తి చూస్తారు. చాలామంది చూడకుండా వదిలేసేది స్టేట్ మ్యూజిక్ రూమ్‌లో. అక్కడ తెరిచిన తలుపు వెనక ఇంకో తలుపు, దానికి వేలాడుతూ వయొలిన్. అది రంగులతో వేసిన బొమ్మ! పక్కకు జరిగి చూడండి, నిజం వయొలిన్‌కైతే పక్క చెక్క కనబడాలి. దీనికి కనబడదు. వెనక జనం తోస్తున్నా ఆ రెండడుగులు వేసి చూడాల్సిందే.

హోస్ట్: తిండి?

గెస్ట్: పులిహోర కట్టుకెళ్లండి, పార్కులో గడ్డిమీద కూర్చోవచ్చు. గొర్రెలు మేసే చోటు, దుప్పటి పరిచేముందు కింద చూసుకోండి.