పేగుపూత మందు వాడుతున్నారా? క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు (పేగుపూత) ఉన్నవాళ్ల కోసం. దానికి వాడే మెసాలమైన్ మందు గురించి మాట్లాడుకుందాం. మనతో ఉన్నది గ్యాస్ట్రో డాక్టరుగారు. మేడం, ఖమ్మం నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పంపారు. "మోషన్‌లో రక్తం ఆగిపోయి చాలా రోజులైంది. మెసాలమైన్ ఇంకా మింగాలా? కిడ్నీలు పోతాయని మా బావమరిది భయపెడుతున్నాడు" అంటున్నారు.

డాక్టర్: బావమరిదిగారు చెప్పినదాంట్లో కొంత నిజముంది. కానీ దానికి మందు మానేయక్కర్లేదు, పరీక్ష చేయించుకుంటే చాలు. ముందు ఈ మందు ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఇది రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి పనిచేసే రకం కాదు. కాలిన చోట ఆయింట్‌మెంట్ రాసినట్టు, పెద్దపేగు లోపలి పొరకు నేరుగా తగిలి వాపు తగ్గిస్తుంది. అందుకే చాలా రకాల టాబ్లెట్ల మీద ప్రత్యేకమైన పూత ఉంటుంది. ఆ పూత పొట్టలో కరగదు, చిన్నపేగు చివరికి చేరాక కరుగుతుంది.

హోస్ట్: అంటే సగానికి విరిచి వేసుకోవడం, పొడి చేసి మజ్జిగలో కలపడం...

డాక్టర్: అస్సలు వద్దు. పూత పగిలితే మందు పైనే కరిగిపోతుంది, చేరాల్సిన చోటికి చేరదు. మింగడం కష్టమైతే చెప్పండి, సాషేల్లో గింజల రూపంలో కూడా దొరుకుతుంది. వాటినీ నమలకూడదు. కొంతమందికి మోషన్‌లో ఖాళీ పెంకు కనిపిస్తుంది, దానికి కంగారు పడొద్దు. టాబ్లెట్ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంటే మాత్రం మాకు చెప్పాలి.

హోస్ట్: మరి ఖమ్మం ఆయన మానేయొచ్చా?

డాక్టర్: వద్దు. బాగున్నామని మందు వదిలేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టే అవకాశం, సరిగ్గా వాడేవాళ్ల కంటే ఐదు రెట్లకు పైగా ఉన్నట్టు 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. రోజుకు మూడుసార్లు వేసుకోలేక మానేసేవాళ్లు ఉంటారు. వాళ్లు అడగాలి. చాలామందికి మొత్తం డోసు ఒకేసారి వేసుకున్నా అంతే బాగా పనిచేస్తుంది.

హోస్ట్: ఇప్పుడు కిడ్నీ సంగతి.

డాక్టర్: చాలా అరుదుగా ఈ మందు కిడ్నీలో వాపు తెస్తుంది. ఇబ్బంది ఏంటంటే నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది, మనిషికేమీ తెలియదు. కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ అనే వ్యర్థం మెల్లగా పెరుగుతూ ఉంటుంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదటి కొన్ని నెలల్లో మరోసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి క్రియాటినిన్, యూరిన్ పరీక్ష చేయించాలి. ముందే పట్టుకుని మందు ఆపితే చాలామందికి కిడ్నీ కోలుకుంటుంది. ఏళ్ల తర్వాత పట్టుకుంటే పూర్తిగా కోలుకోకపోవచ్చు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. పాత చీటీ చూపించి మందుల షాపులో నెలనెలా స్ట్రిప్పులు తెచ్చుకుంటారు, రక్తపరీక్ష మాత్రం ఏళ్ల తరబడి ఉండదు. ఇది సాధువైన మందే. సాధువు కదా అని అందరూ దాని సంగతి మర్చిపోతారు. నీళ్లు కూడా బాగా తాగాలి, ఈ మందుతోనే రాళ్లు కట్టిన కేసులు ఉన్నాయి.

హోస్ట్: ఇంకో మెసేజ్, నరసరావుపేట నుంచి. "మోకాళ్ల నొప్పులకు షాపులో ఇచ్చిన బిళ్ల వేసుకున్నా. అది కూడా వాపు తగ్గించేదే కదా, పేగుకూ మంచిదే కదా?" అంటున్నారు.

డాక్టర్: కాదండీ! రెండూ వాపు తగ్గించేవే, కానీ దారి వేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కొంతమందిలో కొలైటిస్‌ను రేపుతాయి. కిడ్నీ మీదా భారమే. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొలైటిస్ ఉన్నవాళ్లకు కీళ్లనొప్పులు ఆ జబ్బులో భాగంగానే రావచ్చు. నొప్పికి బిళ్ల, బిళ్లతో పేగు మంట, మంటతో మళ్లీ నొప్పి. మన దగ్గర పారాసెటమాల్‌తో కలిపిన ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్ అడిగితే చాలు ఇచ్చేస్తారు. పేరులో పారాసెటమాల్ కనిపించగానే పర్లేదనుకోకండి, వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఉత్త పారాసెటమాల్ అయితే చెప్పిన మోతాదులో వాడొచ్చు. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఇది విని సొంతంగా ఆపేయకండి, మీ గుండె డాక్టర్‌ను అడగండి. ఆస్పిరిన్ అంటే అలర్జీ ఉన్నవాళ్లు ఆ మాట మెసాలమైన్ రాసే ముందే చెప్పాలి. రెండూ ఒకే కుటుంబం.

హోస్ట్: మందు మొదలుపెట్టాకే విరేచనాలు ఎక్కువయ్యాయి, మందు వేడి చేసిందని ఒకావిడ అంటున్నారు.

డాక్టర్: ఆవిడ మాట కొట్టిపారేయను. వందలో సుమారు ముగ్గురికి ఈ మందు పడదు. మొదటి వారాల్లోనే కడుపునొప్పి, రక్తవిరేచనాలు, జ్వరం, తలనొప్పి వస్తాయి. చూడటానికి అచ్చం జబ్బు ముదిరినట్టే ఉంటుంది. అలా అనుకుని డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఛాతీనొప్పి, ఆయాసం, వీపులోకి పాకే పొట్టనొప్పి వస్తే ఫోన్ కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే.

హోస్ట్: సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టుకునే మందు, అనగానే మొహం తిప్పుకుంటారు మనవాళ్లు.

డాక్టర్: సిగ్గు! జబ్బు మలాశయం వరకే ఉంటే టాబ్లెట్ కంటే సపోజిటరీయే బాగా పనిచేస్తుంది. ఎడమవైపు పేగుదాకా ఉంటే ఎనిమా, అంటే మలద్వారం గుండా ఎక్కించుకునే ద్రవం మందు, దాంతోపాటు టాబ్లెట్. రాత్రి పడుకునే ముందు, ఎడమవైపు తిరిగి పడుకుని పెట్టుకోవాలి. పాత దుప్పటి పరుచుకోండి, ఎనిమా మరక పడితే వదలదు. మే నెలలో విజయవాడ ఎండకు సపోజిటరీ బల్ల మీద పెడితే మెత్తబడిపోతుంది. కొనేటప్పుడే ఎక్కడ ఉంచాలో పెట్టె మీద చూసుకోండి.

హోస్ట్: న్యూజెర్సీ నుంచి ఒకరు, ఇండియా నుంచి అమ్మ పంపిన మెసాలమైన్ వాడొచ్చా అని.

డాక్టర్: పేరు ఒకటే అయినా పూత వేరు, కరిగే చోటు వేరు. బ్రాండ్ మార్చాలంటే అక్కడి డాక్టర్‌కు చెప్పే మార్చాలి.

హోస్ట్: ఇదే జబ్బుకు వాడే పాత మందు సల్ఫాసలజైన్ సంగతి? ఇంకా రాస్తున్నారా?

డాక్టర్: రాస్తాం, ముఖ్యంగా కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకు. అసలు దాన్ని స్వీడన్‌లో నానా స్వార్ట్స్ అనే డాక్టరమ్మ కీళ్లవాతం కోసమే తయారు చేయించింది. పేగు మీద అందులో ఏ భాగం పనిచేస్తోందో 1977లో తేల్చిన వాళ్లలో బంగ్లాదేశ్ డాక్టర్ ఆజాద్ ఖాన్ ఒకరు. ఆ భాగమే మెసాలమైన్. సల్ఫా పడనివాళ్లకు సల్ఫాసలజైన్ వద్దు. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి, ఆపితే మళ్లీ పెరుగుతాయి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు చెప్పాలి. ఆడవాళ్లకైతే ఫోలిక్ యాసిడ్ తోడు కావాలి. గర్భం వచ్చిందని మాత్రం ఏ మందూ సొంతంగా ఆపొద్దు, జబ్బు తిరగబెట్టడమే బిడ్డకు ఎక్కువ ముప్పు.

హోస్ట్: చివరి ప్రశ్న. బాత్రూమ్‌లో బ్లీచింగ్ వేసి కడిగిన చోట మూత్రం పోస్తే ఎర్రటి గోధుమరంగులోకి మారిందట. రక్తమేమోనని ఇంటిల్లిపాదీ టెన్షన్.

డాక్టర్: బ్లీచ్‌తో కలిస్తే ఈ మందు అలాగే రంగు మారుతుంది. అనుమానముంటే శుభ్రమైన గ్లాసులో పట్టి చూడండి. అందులోనూ ఎర్రగానే ఉంటే అప్పుడు ల్యాబ్‌కు తీసుకెళ్లండి. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి క్రియాటినిన్ కూడా రాయించుకోండి.