మధ్యాహ్నం ఖాళీగా ఉండే గది

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు, పెద్దలకు, యవ్వనస్థులకు వందనాలు, నూతన సంవత్సర శుభాలు.

ఈ ఉదయం ఒక్క వచనమే మీ ముందు పెడతాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 16వ అధ్యాయం, 9వ వచనం. అపొస్తలుడైన పౌలు ఎఫెసు పట్టణంలో ఉండి రాస్తున్నాడు. కార్యానుకూలమైన మంచి సమయం తనకు దొరికింది కాబట్టి పెంతెకొస్తు పండుగ వరకు అక్కడే ఉంటానంటున్నాడు. మనం ‘సమయం’ అని చదువుకునే చోట గ్రీకు మూలంలో ఉన్న మాట ‘తలుపు’. పెద్ద తలుపు ఒకటి తెరుచుకుంది అంటున్నాడాయన. మన అనువాదంలో తప్పేమీ లేదు, భావం అదే. అయినా ఆ తలుపు దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. సమయం మనం కూర్చున్న చోటికే వస్తుంది. ఈ కొత్త సంవత్సరం కూడా రాత్రి మనం నిద్రపోయినా వచ్చేదే. తలుపు దగ్గరికి మాత్రం మనమే లేచి వెళ్లాలి.

ఇంతకీ ఎఫెసులో తెరుచుకున్న తలుపు ఎలాంటిది? అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చూడండి. పౌలు మూడు నెలలు యూదుల సమాజమందిరంలో ధైర్యంగా బోధించాడు. కొందరు మనసు కఠినం చేసుకుని, జనం ఎదుటే ఈ క్రీస్తు మార్గాన్ని దూషించారు. ఆయన శిష్యులను వెంటబెట్టుకుని బయటికి వచ్చేశాడు. అంటే ముందు ఒక తలుపు మూసుకుంది. ఆ తర్వాత దొరికింది తురన్ను అనే ఒకాయన పాఠశాల. రెండేళ్లపాటు ప్రతిరోజూ అక్కడే బోధించాడు.

కొన్ని పాత రాతప్రతుల్లో ఈ చోట ఒక చిన్న మాట అదనంగా ఉంటుంది: ఐదో గంట మొదలు పదో గంట వరకు. మన లెక్కలో పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఎండ నడినెత్తికి వచ్చే వేళ, జనం పనులాపి నడుం వాల్చే వేళ. గది ఖాళీ అయ్యేది అప్పుడే. ‘నా అవసరాలకూ, నాతో ఉన్నవాళ్ల అవసరాలకూ ఈ చేతులే కష్టపడ్డాయి’ అని ఎఫెసు పెద్దలకే ఆయన గుర్తుచేశాడు కదా. డేరాలు కుట్టే మనిషి. చేతిపని చేసుకుని వచ్చి, ఎవరికీ అక్కరలేని గదిలో, ఎవరికీ అక్కరలేని గంటల్లో వాక్యం చెప్పేవాడన్నమాట. ఆసియ అనే ఆ రోమా రాష్ట్రంలో ఉన్నవాళ్లందరూ ప్రభువు వాక్యం విన్నారని అపొస్తలుల కార్యములలో లూకా రాసింది ఆ రెండేళ్ల గురించే.

పెద్ద తలుపు అంటే పెద్ద సభ, పెద్ద వేదిక అనుకుంటాం. పౌలుకి అది ఒక ఖాళీ గది.

1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ చూసింది కూడా ఇలాంటి ఖాళీనే. ఆయన పాస్టరు కాదు, పత్రిక నడిపే మనిషి. పేదపిల్లలు వారమంతా కార్ఖానాల్లో పనిచేసి, ఆదివారం వీధుల్లో తిరుగుతుండేవారు. వాళ్లకి చదువుకునే వీలున్నది ఆ ఒక్కరోజే. ఆ రోజునే వాళ్లకి చదవడం నేర్పించే ఏర్పాటు చేశాడు. మనలో చాలామందికి మొదటి వాక్యం నేర్పిన సండేస్కూలు అంతటా వ్యాపించింది ఆయన ప్రోత్సాహంతోనే.

ఇక మన సంగతి. పేరు చెప్పను గాని, మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నారు. పోయిన సంవత్సరం ఆవిడ నాలుగు నెలలు ఆరాధనకి రాలేదు. ప్రతి ఆదివారం ఇక్కడ నిలబడి ప్రకటనలు చదివేది నేనే, అయినా నేను గమనించలేదు. చివరికి వెళ్తే, బల్లమీద బైబిల్ తెరిచి ఉంది. దానిమీద కళ్లజోడు, అద్దాలమీద సన్నగా దుమ్ము. “చూపు ఆనడం లేదు నాయనా. ఏ పేజీ తెరిచి ఉందో కూడా నాకు తెలీదు. మూసెయ్యడానికి మనసొప్పక అలా ఉంచాను” అన్నారు. ప్రార్థన చేసి వస్తుంటే నాకు కాళ్లు కదలలేదు. ఇప్పుడు మన యవ్వనస్థుల్లో ఒక అమ్మాయి వారానికి రెండు సాయంత్రాలు ఫోన్లో ఆవిడకి కీర్తనలు చదివి వినిపిస్తోంది. ఇరవై నిమిషాలు. దీనికి కమిటీ తీర్మానం లేదు, చందా లేదు. ఆ అమ్మాయి పాట పాడదు, సాక్ష్యం చెప్పమంటే సిగ్గుపడుతుంది. తనకి ఏ పరిచర్యా లేదని ఇన్నాళ్లూ అనుకుందట. అలా అనుకోనిచ్చింది మనమే.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మన సంఘంలో అన్ని పనులూ చేసేది ఆ నలుగురైదుగురే. కొత్త పరిచర్య అనగానే మళ్లీ వాళ్లే చెయ్యెత్తుతారు. వాళ్ల కోసం రెండో కొరింథీ పత్రిక 2వ అధ్యాయం గుర్తుచేస్తాను. త్రోయ అనే పట్టణంలో పౌలుకి ప్రభువు తలుపు తీశాడు. అయినా తోటి పనివాడైన సహోదరుడు తీతు కనబడక ఆయన మనసుకి నెమ్మది లేదు. అక్కడివాళ్ల దగ్గర సెలవు తీసుకుని మాసిదోనియకు వెళ్లిపోయాడు. తెరిచి ఉన్న తలుపుని వదిలి వెళ్లాడు! దాన్ని దాచకుండా తనే రాశాడు. అలసిపోయినవాళ్లు ఈ సంవత్సరం ఒక పని దించుకుంటే దాన్ని వెనకబడటం అనకండి. ఆ పని, ఇంతవరకు ఎవరూ ఏ పనీ చెయ్యమని అడగని మనిషికి ఇవ్వండి.

మనం మొదట చూసిన ఆ 9వ వచనం చివర, ఎదిరించేవాళ్లు చాలామంది ఉన్నారని కూడా రాశాడు. ‘అయినా’ అనలేదు, ‘మరియు’ అన్నాడు. తలుపూ, ఎదురుదెబ్బలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. దాని గురించి ఇంతకన్నా పొడిగించను.

మన మందిరం వారంలో ఐదు మధ్యాహ్నాలు తాళం వేసి ఉంటుంది. లోపల ఫ్యాన్లున్నాయి, బల్లలున్నాయి, మంచినీళ్లున్నాయి. బయట చదువుకోవడానికి చోటులేని పిల్లలున్నారు, కాసేపు కూర్చుని మాట్లాడే మనిషి లేని పెద్దవాళ్లున్నారు. పెద్దలతో మాట్లాడాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. వచ్చే బుధవారం రెండు గంటలకి తలుపు తీస్తాను. మొదటి నెల నేనుంటాను. రెండో నెలకి ఎవరుంటారో ఆరాధన అయ్యాక నాతో చెప్పండి.