గోడకెక్కే ముందు: బరంపురం స్టూడియోలో ఫోటోగ్రఫీ విద్యార్థుల ప్రదర్శనపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఫోటోగ్రఫీ కోర్సు ముగిస్తున్న పిల్లలు తమ బొమ్మలు జనం ముందు పెట్టి, అడిగినవాటికి జవాబు చెప్పాల్సిన సమయమిది. ఒక అధ్యాపకురాలు, ప్రింటింగ్ ల్యాబ్ నడిపే ఆయన, ప్రదర్శనలు అమర్చే క్యూరేటర్ మనతో ఉన్నారు. మేడమ్, ఎక్కువమంది ఎక్కడ తడబడతారు?

అధ్యాపకురాలు: ఏరుకోవడం దగ్గరేనండి. ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర తీసినవాళ్ల దగ్గర వేలల్లో ఫ్రేములుంటాయి. గోడకి పట్టేవి 12, మహా అయితే 15. పులి వేషాలే నాలుగు పెడతారు, అదేమంటే నాలుగూ బాగున్నాయంటారు. నాలుగూ ఒకే మాట చెబుతుంటే మూడు తీసెయ్యాల్సిందే. స్క్రీన్ మీద ఈ సంగతి తేలదు. 4×6 అంగుళాల సైజులో ఓ 60 ప్రింట్లు చవకలో వేయించి నేల మీద పరవండి. రెండు మూడు రోజులు అలాగే ఉంచి, వస్తూ పోతూ జరపండి. ఏది తీసేసినా వెలితి తెలియకపోతే అది అక్కర్లేదన్నమాట.

వ్యాఖ్యాత: తర్వాత ల్యాబ్‌కి వస్తారు.

ల్యాబ్ నిర్వాహకుడు: వచ్చి "ఏ3 వెయ్యండి" అంటారు. కెమెరా ఫ్రేము 3:2, అంటే పొడవు మూడు వంతులైతే వెడల్పు రెండు. ఏ3 కాగితం కొలత వేరు, నిండుగా వేస్తే పొడవులో రెండున్నర సెంటీమీటర్లు కోత పడుతుంది. అంచున నిలబడ్డ మనిషి చెయ్యి ఎగిరిపోతుంది, తిట్లు మాకు. అదే 12×18 అంగుళాలైతే అంచు పోకుండా కూర్చుంటుంది. 300 పీపీఐకి, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, 3600×5400 పిక్సెళ్లు కావాలి, 24 మెగాపిక్సెల్ ఫైలు చాలు. ఫోన్‌లో 4:3లో తీస్తే 12×16 అడగండి. ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, కుదించుకుపోయి నాణ్యత పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

వ్యాఖ్యాత: ప్రింటు నల్లగా వచ్చిందనే గొడవ మాటేమిటి?

ల్యాబ్ నిర్వాహకుడు: అదే పెద్ద గొడవ. ల్యాప్‌టాప్ వెలుగు నిండా పెంచి ఎడిట్ చేస్తారు. స్క్రీన్ తనంతట తనే వెలుగుతుంది, కాగితానికి గదిలో వెలుగే దిక్కు. పట్టు నేసే మగ్గం ఫోటో తీసుకోండి. మగ్గం కింద చీకట్లో నేతగాడి కాళ్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి, ప్రింటులో తారు పూసినట్టుంటుంది. స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. వెలుగు కొలిచే పరికరం ఉంటే చదరపు మీటరుకి 120 క్యాండెలాల దగ్గర పెట్టండి. ఎడిటింగ్‌లో నీడ భాగాల్ని కాస్త వెలుగు చేయండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో ఇవ్వండి. ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీలో ఇచ్చి, ల్యాబ్ మెషిన్ దాన్ని గుర్తించకపోతే పట్టు ఎరుపు కాస్తా వెలిసిపోతుంది. అన్నిటికన్నా ముందు, ఆ మగ్గం కింది భాగమే 5×7 ముక్కగా ఒకటి వేయించి, ప్రదర్శన పెట్టే హాలు దీపాల కింద చూడండి. మా కౌంటర్ దగ్గర చూసి తలూపితే లాభం లేదు.

క్యూరేటర్: హాల్లో మామూలు ట్యూబులుంటే చర్మం ఆకుపచ్చగా కొట్టడం కూడా అప్పుడే బయటపడుతుంది.

వ్యాఖ్యాత: వేలాడదీయడంలో?

క్యూరేటర్: బొమ్మ నడిమధ్య భాగం నేల నుంచి 57, 58 అంగుళాల ఎత్తున ఉండాలి. సైజులు వేరైనా ఆ గీత మారకూడదు. సున్నం గోడకి డబుల్ టేపు నమ్మకండి. మన సముద్రపు తేమకి తెల్లారేసరికి కింద ఉంటుంది. కొక్కేలు ఒక్కో ఫ్రేముకి రెండు కొట్టండి. ఒక్కటైతే ఎవరి భుజం తగిలినా ఒరిగిపోతుంది.

ఇంకొకటి, క్యాప్షన్లు. ఇక్కడ చూడ్డానికి వచ్చేవాళ్లు తెలుగూ ఒడియా చదివేవాళ్లు, రెండూ పెట్టండి. కాకపోతే ఫోటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. 'రాష్ట్రం' అన్న మాటలో టవత్తు కిందికి దిగదు, పొల్లుతో పక్కన కూర్చుంటుంది. ఒడియా సంయుక్తాక్షరాలదీ అదే గతి. ఆ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కిందకెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇంకా పాతవాటిలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. తర్వాత పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అసలు ఫైలే ఇస్తే, ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినప్పుడు అక్షరాల బదులు అన్నీ డబ్బాలే.

వ్యాఖ్యాత: పెట్టకూడని బొమ్మలుంటాయా?

అధ్యాపకురాలు: ఉంటాయి. ఋషికుల్య నదీముఖం దగ్గర రాత్రిపూట ఫ్లాష్ కొట్టి తీసిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఎంత బాగున్నా నేను గోడెక్కనివ్వను. తెల్లటి వెలుగుకి గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేలు వెనక్కి తిరుగుతుంది, గుడ్ల నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు సముద్రం వైపు కాక దీపం వైపు నడుస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో అది గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవి. యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టినవాళ్ల ఫోటోల విషయంలోనూ జాగ్రత్త కావాలి. తీసేటప్పుడు తలూపడం వేరు, గోడకి పెట్టడానికి ఒప్పుకోవడం వేరు. మళ్లీ వెళ్లి అడగాలి. పిల్లలైతే ఇంట్లోవాళ్లని.

వ్యాఖ్యాత: జనం ముందు మాట్లాడేటప్పుడు?

అధ్యాపకురాలు: ఏడు నిమిషాలు చాలు. కెమెరా పేరు ఎవరైనా అడిగితే చెప్పండి, మీరై మొదలుపెట్టకండి. ఈ బొమ్మ పక్కన ఆ బొమ్మ ఎందుకు పెట్టారో చెప్పండి.

వ్యాఖ్యాత: ల్యాబ్‌కి ఫైళ్లు ఎప్పటిలోగా ఇవ్వాలి?

ల్యాబ్ నిర్వాహకుడు: ప్రారంభానికి కనీసం నాలుగు రోజుల ముందు. ఇంక్‌జెట్ ప్రింటు చేతికి పొడిగా తగిలినా లోపల ఇంకా ఆరుతూనే ఉంటుంది. ఒక రోజంతా ఆరనివ్వకుండా అద్దం వేస్తే, లోపలి వైపు మంచు పట్టినట్టు పొర కడుతుంది. అప్పుడు ఫ్రేము విప్పి తుడవడమే.