ఆ మాత్ర పంచుకునేది కాదు

అందరికీ నమస్కారం. అధ్యక్షురాలు అక్కయ్యకి, ముందు వరుసలో ఉన్న పెద్దలకి, ఆఫీసు నుంచి నేరుగా వచ్చేసిన మా పీజీ హాస్టల్ పిల్లలకి ప్రత్యేకంగా. మహిళా దినోత్సవం కదా, ఆడపిల్లల ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రక్తహీనత మీద రెండు పేజీలు రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. మొటిమల గురించి చెబుతాను. నవ్వకండమ్మా, నవ్వే విషయం కాదు.

నేను చెప్పేది నాలుగు రోజులుండి పోయే చిన్న మొటిమల గురించి కాదు. గోళీకాయంత గడ్డలు కట్టి, చీము పట్టి, మానినా గుంట మిగిల్చేవి. మా అమ్మాయికి పదిహేడో ఏట వచ్చాయి. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద ఎర్రటి, పసుపు మరకలు ఉండేవి. నాకు కనబడకుండా తనే ఉతుక్కునేది. బాత్రూంలో అద్దం మీద తువ్వాలు వేసి మొహం కడుక్కునేది. చుట్టాలేమో, "వయసు మొటిమలు, పెళ్లయితే అవే పోతాయి" అనేవారు.

చర్మం డాక్టర్ గారు చూసి ఐసోట్రెటినోయిన్ రాశారు. విటమిన్ ఎ జాతి మందు. అమెరికాలో 1982 నుంచీ వాడుతున్నారు. చర్మం కింద నూనె ఊరే గ్రంథులను కుదించేస్తుంది. మొండి గడ్డలకు ఇంతకంటే గట్టి మందు లేదన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆడపడుచు, "ఆ మాత్ర వేస్తే పిల్లకి రేపు పిల్లలు పుట్టరు వదినా" అంది. అంతే, ఆ చీటీ చించేశాను. మళ్లీ డాక్టర్‌ని అడగనైనా అడగలేదు.

తర్వాత పసుపు, తేనె, మెడికల్ షాపువాడు చేతిలో పెట్టిన క్రీము. వారం రోజులు మొహం మెరిసింది. మూడు నెలలకు ఎండలోకి వెళ్తే మంట, బుగ్గలంతా ఎరుపు. అందులో స్టెరాయిడ్ ఉందని ఇంకో డాక్టర్ చెబితే గానీ తెలియలేదు. ఇరవయ్యో ఏట మా అమ్మాయి తనే వెళ్లి అదే మాత్ర రాయించుకుని ఆరు నెలలు వాడింది. కొత్త గడ్డ రాలేదు. కానీ ఆ మూడేళ్లలో పడ్డ గుంటలు అలాగే ఉన్నాయి. అవి నేను చీటీ చించిన పాపం. ఇవాళ్టికీ దాని మొహంలోకి సూటిగా చూసి మాట్లాడలేను.

పిల్లలు పుట్టరన్నది అబద్ధం. అసలు ప్రమాదం వేరే. మందు వాడుతుండగా కడుపు వస్తే బిడ్డకు చెవులు, గుండె, మెదడు సరిగ్గా ఏర్పడకపోవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తారు. నెల ముందు నుంచి, మందు ఆపాక ఇంకో నెల దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. ఆ తర్వాత భయం లేదు.

ఇప్పుడు మా పీజీ సంగతి. పోయిన ఏడాది ముగ్గురు పిల్లలు ఒక్కసారిగా ఆవకాయ మానేశారు. కారం తగిలితే పెదవి మండుతోందట. చూస్తే ముగ్గురికీ పెదవులు పొక్కులు లేచి, మూలల్లో చీలి ఉన్నాయి. ఆ మాత్ర వాడినన్నాళ్లూ మా అమ్మాయికీ అలాగే ఉండేది కాబట్టి నాకు వెంటనే వెలిగింది. చీటీ ఒక్కరిదే! ఫోన్‌లో దాని ఫొటో షాపులో చూపించి మిగతా ఇద్దరూ కొనుక్కుంటున్నారు. బరువును బట్టి మోతాదు కట్టాల్సిన మందు. లివరు, రక్తంలో కొవ్వు టెస్టులు చేయించుకుంటూ వాడాల్సిన మందు. పైగా ఒకమ్మాయి మొటిమలకే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా మింగుతోంది. ఆ రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు.

రెండో అమ్మాయికి అప్పటికి నాలుగు నెలల క్రితమే పెళ్లయింది. భర్త హైదరాబాద్. శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్లొస్తుంటుంది. నాకు కాళ్లు వణికాయి. ఆ రాత్రే ఆటోలో డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాను. టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు పిల్ల. నెగటివ్ వచ్చింది. వచ్చింది కాబట్టి ఇవాళ ఇలా నిలబడి చెప్పగలుగుతున్నాను.

తల్లులూ, మీ పిల్లకి డాక్టర్ ఈ మందు రాస్తే నాలాగా చీటీ చించకండి. అనుమానాలన్నీ కాగితం మీద రాసుకెళ్లి ఆయన్నే అడగండి. మొదటి వారాల్లో మొటిమలు కాస్త పెరగొచ్చు. కళ్లు పొడిబారతాయి, కీళ్లు నొప్పి పెట్టొచ్చు. పిల్ల దిగులుగా, ముభావంగా మారితే మాత్రం రేపు చూద్దాం అనుకోకండి, ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. ఇది వాడుతున్నన్నాళ్లూ, ఆపాక నెల దాకా రక్తదానం కూడా చేయకూడదు.

మా పిల్లలూ, మీకొక్క మాట. భోజనంతో పాటు వేసుకుంటేనే ఆ మందు ఒంటికి సరిగ్గా పడుతుంది, టిఫిన్ ఎగ్గొట్టి మింగకండి. మీలో ఎవరైనా ఈ కోర్సులో ఉంటే నాకు చెప్పండి, ఎందుకని అడగను. కారం వేయకముందే ఒక గిన్నె పప్పు విడిగా తీసిపెట్టమని వంటావిడకి చెప్పి ఉంచాను.