ఊరికే పంపిన పీహెచ్ పెన్ను: కరివేపాకు కుండీల్లో వాడాక నా మాట

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ పెన్ను కంపెనీ వాళ్లు ఊరికే పంపించారు. పెన్ను అంటే రాసేది కాదు, నీళ్లలో ముంచితే పీహెచ్ (7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం), ఎరువు చిక్కదనం చూపించే చిన్న మీటరు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బ్యాటరీ, స్క్రీన్ సైజు, వాటర్‌ప్రూఫ్ లాంటివన్నీ అమ్మే పేజీలో మీరు చదివేసే ఉంటారు, వాటి జోలికి పోను.

డబ్బా మీద ఇంత పెద్ద గంజాయి ఆకు బొమ్మ ఉంది చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇంట్లో లైట్ల కింద కొన్ని గంజాయి మొక్కలు పెంచుకోవడానికి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది, ఇలాంటి మీటర్లు వాళ్లూ కొంటారు. మా టెక్సస్‌లో అది కుదరదు, నాకు అవసరమూ లేదు. వీడియో కాల్‌లో మా అత్తయ్య ఆ బొమ్మ చూసి, "గోంగూరకి కూడా మిషనా?" అంది. లోపల ఇచ్చిన చార్టు కూడా ఆ మొక్కదే. మట్టిలో అయితే పీహెచ్ 6 నుంచి 7, మట్టి లేకుండా నీళ్లలో పెంచితే 5.5 నుంచి 6.5. మన కరివేపాకుకీ మట్టిలో 6, 6.5 దగ్గర బాగుంటుంది కాబట్టి చార్టు పారేయలేదు.

డల్లాస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ బాధ తెలుసు. చలికాలం కుండీ లోపలికి తెస్తాం, కుళాయి నీళ్లే పోస్తాం. ఆ నీళ్లు క్షారం వైపు ఉంటాయి, పైగా వాటిలో పీహెచ్‌ని పైకి లాగే బైకార్బొనేట్లు ఉంటాయి. కొన్నాళ్లకి మట్టి పీహెచ్ 7 దాటుతుంది. కొత్తగా వచ్చే ఆకులు పసుపు రంగులోకి తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. అంత పీహెచ్‌లో మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అది చూసి ఎరువు చాలలేదనుకుని ఇంకా వేస్తారు చాలామంది, దాంతో మట్టిలో ఉప్పు పేరుకునే రెండో సమస్య మొదలవుతుంది. ఇలాంటప్పుడు ఇనుము వేయాలంటే ఈడీడీహెచ్‌ఏ (ఇనుముని వేరుకి అందేలా పట్టి ఉంచే పదార్థం) రకం తీసుకోండి. మామూలు ఈడీటీఏ ఇనుము ఇంత పీహెచ్‌లో నిలవదు.

ఊళ్లో కరివేపాకు చెట్టుకి పుల్ల మజ్జిగ పోస్తారు కదా. పెన్ను రాగానే నేను ముంచింది అందులోనే. నాలుగున్నర లోపే చూపించింది. పెద్దవాళ్ల పద్ధతిలో పస ఉంది. కానీ పెరట్లో నేల మీదున్న చెట్టు వేరు, అపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కన కుండీ వేరు. గదిలో పోస్తే వాసన, ఆ వెనకే చిన్న చిన్న ఈగలు. నేనైతే నీళ్లలో కాస్త సిట్రిక్ యాసిడ్ కలుపుతాను. కలిపి రాత్రంతా వదిలేస్తే పీహెచ్ మళ్లీ కొంచెం పైకి జరుగుతుంది, పొద్దున ఇంకోసారి చూసుకుని పోయండి.

ఇక అసలు గొడవకి వస్తాను. ఎరువు ఎంత చిక్కగా ఉందో చెప్పేది ఈసీ. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తుంది, ఉప్పులు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. ఎరువు విషయంలో మీటరు నిజంగా కొలిచేది అదొక్కటే. పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) అనేది ఆ ఈసీని ఏదో ఒక అంకెతో గుణించి చూపించే లెక్క. కొన్ని కంపెనీలు 500తో గుణిస్తాయి, కొన్ని 700తో. ఒకే బకెట్, అవే నీళ్లు, ఈసీ 1.4. ఒక పెన్ను 700 అంటుంది, ఇంకోటి 980 అంటుంది. ఎవరో వీడియోలో "వెయ్యి పీపీఎం ఇవ్వండి" అంటే ఏ వెయ్యి? ఒక లెక్కలో అది ఈసీ 2, ఇంకో లెక్కలో 1.43. కుండీలో మొక్కకి ఆ తేడా తక్కువేం కాదు, ఆకుల అంచులు మాడతాయి.

ఈ పెన్ను ఏ లెక్క వాడుతుందో డబ్బా మీద లేదు, మాన్యువల్‌లోనూ లేదు! చివరికి 1413 మైక్రోసీమెన్స్ కాలిబ్రేషన్ ద్రావణంలో, అంటే ఈసీ 1.413 అని ముందే తెలిసిన ద్రావణంలో ముంచి చూశాను. 707 దగ్గర చూపిస్తే 500 లెక్క, 989 దగ్గర చూపిస్తే 700 లెక్క. ఇది 700. మీ దగ్గరున్న పెన్నుని కూడా ఇలాగే పట్టుకోవచ్చు. పోనీ ఈసీకే మార్చుకుందామంటే ఆన్ చేసేటప్పుడు బటన్ నొక్కి పట్టుకోవాలి. సరే, పట్టుకుంటాం. ఆఫ్ అవగానే మళ్లీ పీపీఎంకే! అది కూడా కాసేపటికి దానంతట అదే ఆఫ్ అవుతుంది. చేతులు తడి, పక్కన ఎరువు డబ్బా, ప్రతిసారీ ఇదే తంతు. ఆ సెట్టింగు గుర్తుపెట్టుకోవడానికి వాళ్లకి ఏం పోయింది చెప్పండి?

మూత మాత్రం భలే ఉంది. నా పాత పెన్ను మూతలో స్పాంజి ముక్క ఒకటి ఉండేది, అది ఎప్పుడు చూసినా ఎండిపోయేది. పెన్ను కొసన పీహెచ్ కొలిచే గాజు బుడ్డి ఎండితే రీడింగు నమ్మలేం, పెన్ను పాడైపోవచ్చు కూడా. దీని మూతలో స్టోరేజ్ ద్రావణం నిలబడుతుంది, తలకిందులు చేసినా కారడం లేదు. అందులో పోయాల్సింది పొటాషియం క్లోరైడ్ ద్రావణం. ఆర్వో నీళ్లు, డిస్టిల్డ్ నీళ్లు అస్సలు వద్దు, బుడ్డిని అవే పాడుచేస్తాయి. పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సెట్ చేశాక రీడింగు నిలకడగానే ఉంది.

అన్నట్టు, దీన్ని తిన్నగా మట్టిలో గుచ్చకండి, గాజు పగులుతుంది. కుండీకి నీళ్లు పోసి కింద కారినవి పట్టి కొలవండి. మీరు పోసింది ఈసీ 1.2, కారింది 3 అయితే మట్టిలో ఉప్పు పేరుకుందని అర్థం. ఎరువు ఆపి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి. చలికాలంలో కరివేపాకు ఎలాగూ నిద్రపోతుంది, అప్పుడు ఎరువే అక్కర్లేదు.

కొనాలా వద్దా? పీహెచ్ ఒక్కటే కావాలంటే కొనండి, ఆ మూత కోసమైనా కొనొచ్చు. ఎరువు కలపడానికే అయితే నేను కొనమని చెప్పను. ఈసీ పెట్టుకుంటే ఈసీలోనే ఉండే పెన్ను వెతుక్కోండి. కంపెనీ వాళ్లకి ఇదే మాట మెయిల్ చేశాను. అప్‌డేట్‌లో సరిచేస్తామన్నారు. ఈ పెన్నుకి ఫోనుకి కలిపే బ్లూటూతే లేదు, అప్‌డేట్ ఎటునుంచి వస్తుందో మరి!